తక్కువ అద్దె ఇళ్ళ మరమ్మతులకు డబ్బు ఎక్కడిది? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా ఎన్ని ఇళ్ళు కడతారు, ఎప్పుడు ఇస్తారు అని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. కట్టి ఇరవయ్యేళ్ళయిన ఇంటికి పైపులు ఎవరు మారుస్తారు, స్లాబు కారుతుంటే ఎవరు చూస్తారు, ఆ ఖర్చు ఏ ఖాతాలోంచి తీస్తారు అని అడిగేవాళ్ళు మాత్రం ఆ ఇళ్ళలో ఉండేవాళ్ళే. వాళ్ళ నోటి వెంట తరచూ వచ్చే ప్రశ్నలే ఇవన్నీ. జవాబులు ఒక్కోటి ఒక్కో పొడవున ఉంటాయి, ఎందుకంటే కొన్నింటికి నిజంగానే రెండు మాటలు చాలు, కొన్నింటికి చాలవు.

ఇక్కడ ఏ ఇళ్ళ గురించి మాట్లాడుతున్నాం?

ముఖ్యంగా మూడు రకాలు. మునిసిపాలిటీ, కౌన్సిల్, హౌసింగ్ బోర్డు లాంటివి తామే కట్టి తక్కువ అద్దెకు ఇచ్చినవి ఒకటి. లాభాపేక్ష లేని సంఘాలు కట్టి నడుపుతున్నవి రెండోది. మూడోదాన్ని అందరూ మర్చిపోతారు: తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళు ఎప్పుడో కష్టపడి సొంతం చేసుకున్న పాత ఇళ్ళు, కాగితం మీద ఆస్తే కానీ పైకప్పు బాగుచేయించుకునే స్తోమత వాళ్ళకు ఉండదు. ఒక ఊళ్ళో పేదవాళ్ళకు అందుబాటులో ఉన్న ఇళ్ళు ఎన్ని అని లెక్క వేస్తే ఈ మూడూ కలపాలి. కొత్తవి వంద కట్టి, పాతవి రెండొందలు ఉండటానికి పనికిరాకుండా వదిలేస్తే ఆ ఊళ్ళో ఇళ్ళు పెరిగినట్టు కాదు, తగ్గినట్టు.

నిర్వహణ అన్నా మరమ్మతు అన్నా ఒకటే కదా?

మాటల్లో ఒకటే, బడ్జెట్ పుస్తకంలో కాదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ట్యాంకు కడగడం, డ్రైనేజీ పూడిక తీయడం, మోటారు సర్వీసింగ్, మెట్ల దగ్గర బల్బు మార్చడం, ఇలాంటివి రోజువారీ ఖర్చులు, రెవెన్యూ ఖాతా కింద రాస్తారు. లిఫ్టు పూర్తిగా మార్చడం, స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ మళ్ళీ చేయించడం, వైరింగంతా తీసి కొత్తది లాగడం, ఇవి క్యాపిటల్ పనులు, అంటే ఏళ్ళ తరబడి మన్నే పెద్ద పనులు. అమెరికాలో ప్రభుత్వ ఇళ్ళకు కేంద్రం ఇచ్చే డబ్బు కూడా ఇలాగే ఆపరేటింగ్ ఫండ్, క్యాపిటల్ ఫండ్ అని రెండుగా వస్తుంది.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే, పైనుంచి వచ్చే గ్రాంట్లు, స్కీములు ఎక్కువగా పెద్ద పనులకే వస్తాయి. రోజువారీ ఖర్చు స్థానిక సంస్థ సొంతంగా చూసుకోవాలి, దాని దగ్గర ఉండేదేమో అంతంత మాత్రం. దాంతో ఏం జరుగుతుందంటే, వాషరు మార్చడానికి డబ్బు లేదంటారు, రెండేళ్ళకు ఆ గోడంతా నానిపోయాక దాన్ని పెద్ద పనిగా చూపించి గ్రాంటు కోసం ఫైలు కదుపుతారు. అధికారులందరూ నిర్లక్ష్యంగా ఉంటారని కాదు. డబ్బు వచ్చే దారి అలా ఉంది కాబట్టి పని కూడా ఆ దారినే పోతుంది.

అద్దె వసూలు చేస్తున్నారుగా, అందులోంచే చేయించొచ్చుగా?

ఇది అందరూ అడిగేదే. అడగడంలో తప్పు లేదు, కానీ అద్దె ఒక్కదాని మీదే ఆధారపడితే ఏమవుతుందో చరిత్ర గట్టిగానే చూపించింది.

అమెరికాలో సెయింట్ లూయిస్ అనే నగరంలో 1950ల మధ్యలో ప్రూయిట్-ఐగో అని 33 భవనాలు కట్టారు, ఒక్కోటి 11 అంతస్తులు. కట్టడానికి డబ్బు కేంద్రం ఇచ్చింది. నడపడానికి, రిపేర్లకు మాత్రం అక్కడ ఉండేవాళ్ళ అద్దెల నుంచే సరిపెట్టుకోమన్నారు. నగరంలో జనం తగ్గుతూ వచ్చారు, ఇళ్ళు ఖాళీ అయ్యాయి, అద్దె రాబడి పడిపోయింది. రాబడి పడిపోయేసరికి రిపేర్లు ఆపారు. రిపేర్లు ఆగేసరికి ఇంకొందరు ఖాళీ చేశారు. మిగిలినవాళ్ళకు అద్దె పెంచారు, వాళ్ళేమో ఉన్నవాళ్ళలోకెల్లా పేదవాళ్ళు. 1972లో కూల్చడం మొదలుపెట్టి 1976కల్లా మొత్తం నేలమట్టం చేశారు. కట్టి పట్టుమని పాతికేళ్ళు కూడా కాలేదు. ఆ కూల్చివేత ఫొటో చూపించి ఎత్తైన భవనాలదే తప్పు అన్నవాళ్ళున్నారు, అందులో ఉన్నవాళ్ళదే తప్పు అన్నవాళ్ళూ ఉన్నారు. రిపేర్ల డబ్బు ఎక్కడినుంచి రావాలో మొదట్లోనే తప్పుగా రాసుకున్నారన్న సంగతి మాత్రం చాలామంది వదిలేస్తారు.

ఆ నగరంలోనే 1969లో ప్రభుత్వ ఇళ్ళ అద్దెదారులు అద్దె కట్టం అని సమ్మె చేశారు. అదే ఏడాది బ్రూక్ సవరణ అనే చట్టం వచ్చి, అద్దె కుటుంబ ఆదాయంలో 25 శాతం దాటకూడదని పెట్టింది, తర్వాత 1981లో దాన్ని 30 శాతం చేశారు. న్యాయమైన పని. కానీ అద్దెకు పరిమితి పెట్టాక ఖర్చుకీ అద్దెకీ మధ్య ఉన్న లోటు ప్రభుత్వమే పూడ్చాలి, ఆ పూడ్చేది ఏటా సరిపడా రాలేదు. ఇంగ్లండ్‌లోనూ 2016 నుంచి నాలుగేళ్ళ పాటు సామాజిక గృహాల అద్దెలు, అంటే కౌన్సిళ్ళు (అక్కడి స్థానిక సంస్థలు), లాభాపేక్ష లేని సంఘాలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్ళ అద్దెలు, ఏటా 1 శాతం తగ్గించమని చట్టం చేశారు. అద్దెదారుకి మంచిదే, కానీ కౌన్సిళ్ళ రిపేరు ఖాతాలో ఆ మేరకు చిల్లు పడింది.

ముంబైలో ఇంకో రకంగా జరిగింది. అద్దె నియంత్రణ చట్టంతో పాత భవనాల అద్దెలు 1940 నాటి స్థాయిలోనే ఆగిపోయాయి, ఆ అద్దెతో రిపేరు గిట్టదని యజమానులు చేతులెత్తేశారు, భవనాలు కూలడం మొదలైంది. చివరికి 1969లో చట్టం చేసి, మరమ్మతుల బోర్డు పెట్టి, ఆ భవనాల మీద సెస్సు వసూలు చేసి ఆ డబ్బుతో రిపేర్లు చేయించడం మొదలుపెట్టారు.

ఇన్ని చోట్ల చూశాక నాకు అర్థమైంది ఒకటే. అద్దె తక్కువగా ఉండాల్సిందే, అందులో రాజీ అక్కర్లేదు. కానీ అద్దె తగ్గించే కాగితం మీదే, ఆ లోటు ఎవరు ఇస్తారు, ఎంత ఇస్తారు అన్నది కూడా రాయాలి. అది రాయకపోతే ఆ లోటు ఉండేవాళ్ళ నెత్తి మీదే పడుతుంది, అద్దె రూపంలో కాదు, కారే కప్పు రూపంలో.

మరి డబ్బు ఏయే దారుల్లో వస్తుంది?

దాదాపు ఎక్కడైనా నాలుగైదు దారులు కలిపి వాడతారు, ఒక్కదానితో నడిచేది లేదు.

మొదటిది అద్దె. దీని విషయంలో అడగాల్సింది ఎంత వస్తోంది అని మాత్రమే కాదు, వచ్చినది వచ్చినచోటే ఉంటోందా అని. ఇంగ్లండ్‌లో 1990 నుంచి కౌన్సిల్ ఇళ్ళ జమాఖర్చులకు విడిగా కంచె వేసిన ఖాతా ఉంది, హౌసింగ్ రెవెన్యూ అకౌంట్ అంటారు. ఆ ఇళ్ళ అద్దెను తీసుకెళ్ళి రోడ్లకో పార్కులకో పెట్టడానికి వీల్లేదు. 2012 నుంచి ఆ అద్దెలు కేంద్రానికి వెళ్ళి మళ్ళీ పంపకమయ్యే పద్ధతి తీసేసి, ఏ కౌన్సిల్ అద్దె ఆ కౌన్సిలే ఉంచుకునేలా చేశారు, బదులుగా పాత అప్పులో వాటా వాళ్ళ మీద పెట్టారు.

రెండోది పై ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు. అమెరికాలో 1974 నుంచి కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాక్ గ్రాంటు ఉంది, దాన్ని దేనికి వాడాలో చాలావరకు నగరమే నిర్ణయించుకుంటుంది, పాత ఇళ్ళ బాగుచేతకు వాడొచ్చు. 1990లో హోమ్ అనే ఇంకో కార్యక్రమం వచ్చింది, అది తక్కువ ఆదాయ వర్గాల ఇళ్ళకే. ఇలా నగరం చేతికి వదిలేసిన గ్రాంటులో మంచీ ఉంది, చెడూ ఉంది. ఇళ్ళ రిపేర్లకు పెట్టొచ్చు, పెట్టకుండా వేరే వీధి సుందరీకరణకూ పెట్టొచ్చు. అందుకే ఆ డబ్బు ఎక్కడికి పోయిందో ఏటా అడిగేవాళ్ళు ఉండాలి.

మూడోది స్థానికంగా పెట్టుకునే ప్రత్యేక నిధి. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం 2005లో హౌసింగ్ ట్రస్ట్ ఫండ్ పెట్టి, ఆస్తి కాగితాల రిజిస్ట్రేషన్ ఫీజులోంచి కొంత అందులోకి మళ్ళించింది. ఈ ఆలోచన నాకు చాలా నచ్చుతుంది, ఎందుకంటే ఊళ్ళో ఆస్తుల అమ్మకాలు, కొనుగోళ్ళు జోరుగా సాగి ధరలు పెరిగినప్పుడే పేదవాళ్ళ ఇళ్ళకు కష్టం, అదే సమయంలో ఈ నిధికీ రాబడి.

నాలుగోది డెన్మార్క్ దారి. అక్కడ 1967లో లాండ్స్‌బుగ్గెఫాండెన్ అని జాతీయ నిధి పెట్టారు. లాభాపేక్ష లేని ఇళ్ళు కట్టడానికి తెచ్చిన అప్పు తీరిపోయాక కూడా అద్దెదారులు కట్టేది ఆగదు, ఆ సొమ్ములో పెద్ద వాటా ఈ నిధికి చేరుతుంది, అక్కణ్ణుంచి పాతబడిన ఇళ్ళ పెద్ద మరమ్మతులకు వెళ్తుంది. నిన్న కట్టిన ఇల్లు రేపు పాతదవుతుంది కాబట్టి ఒకరి డబ్బు ఇంకొకరికి పోయిందన్న బాధ లేకుండా వంతులవారీగా అందరికీ అందుతుంది.

అప్పు, బాండ్లు కూడా ఉన్నాయి. పెద్ద పనికి అప్పు తేవడం తప్పు కాదు, ముప్ఫై ఏళ్ళు మన్నే పైకప్పు ఖర్చు ముప్ఫై ఏళ్ళలో తీర్చడం సబబే. రోజువారీ రిపేర్లకు అప్పు తెస్తున్నారంటే మాత్రం టెన్షన్ పడాల్సిందే.

కొత్త ఇళ్ళకు కోట్లు దొరుకుతాయి, పాత ఇంటి పైపుకు ఎందుకు దొరకవు?

శంకుస్థాపనకు శిలాఫలకం ఉంటుంది. డ్రైనేజీ పైపు మార్చినందుకు ఎవరూ శిలాఫలకం వేయరు. ఇది చిన్న మాటలా అనిపించొచ్చు కానీ అసలు కారణాల్లో పెద్దది ఇదే. రెండోది, ఈ ఏడాది రిపేరు ఆపితే ఈ ఏడాది ఏమీ కాదు. జీతాలు ఆపితే మర్నాడే గొడవ, వాటర్‌ప్రూఫింగ్ ఆపితే నాలుగు వానాకాలాల తర్వాత గొడవ, అప్పటికి ఆ సంతకం పెట్టినవాళ్ళు అక్కడ ఉండరు.

వాయిదా వేస్తే నిజంగా అంత నష్టమా?

ఒకసారి ఒక మూడో అంతస్తు ఇంట్లో వంటగది పైకప్పు చూశాను. పళ్ళెం అంత గోధుమరంగు మరక, దాని చుట్టూ సన్నటి పగుళ్ళు. ఆ ఇంటావిడ చీపురు కర్ర తిరగేసి దాంతో మరక పక్కన తట్టింది, ఠకఠకమని గట్టిగా మోగింది. మరక కింద తట్టింది, బోలుగా డబడబమంది. "ఇక్కడ నిలబడి వండను సార్, పొయ్యి అటు జరిపేసుకున్నాను" అంది. పై ఇంటి బాత్రూములో నేల కింద పైపు జాయింటు దగ్గర కారుతోందట. ఫిర్యాదు ఇచ్చి మూడేళ్ళయింది, రసీదు ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకుంది.

ఆ బోలు శబ్దానికి అర్థం ఏంటంటే, లోపల ఇనుప చువ్వ తుప్పు పట్టడం మొదలైంది. తుప్పు అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది, లోపల్నుంచి ఉబ్బి కాంక్రీటును బయటికి తోస్తుంది. ముందు పగులు, తర్వాత పెచ్చులు ఊడటం. పెచ్చు ఊడాక చువ్వకు గాలి, తడి ఇంకా బాగా తగులుతాయి, తుప్పు ఇంకా వేగంగా పడుతుంది. మొదట్లో జాయింటు బిగించి లీకు మూయిస్తే ప్లంబరుకి ఒక పూట పని. ఇప్పుడు పెచ్చులన్నీ కొట్టి, చువ్వలు శుభ్రం చేసి, అవసరమైతే కొత్తవి కలిపి, మళ్ళీ కాంక్రీటు నింపాలి, కింద ఇల్లూ పై ఇల్లూ రెండూ ఖాళీ చేయించాలి. ఇంకో ఐదేళ్ళు ఆగితే ఆ భవనం ఉండటానికి పనికిరాదని నోటీసు అంటిస్తారు.

ఒక ఇంటి లెక్క ఇది. నగరం మొత్తానికి వేస్తే ఎలా ఉంటుందో న్యూయార్క్ హౌసింగ్ అథారిటీ లెక్కల్లో చూడొచ్చు, వాళ్ళ చేతిలో సుమారు 1,77,000 ఇళ్ళున్నాయి. రాబోయే ఇరవయ్యేళ్ళలో రిపేర్లకు ఎంత కావాలని 2017లో లెక్క వేస్తే సుమారు 4,500 కోట్ల డాలర్లు వచ్చింది. 2023లో మళ్ళీ వేస్తే 7,800 కోట్ల డాలర్లు దాటింది. అందులో ధరల పెరుగుదల వాటా ఉంది, కానీ చేయకుండా వదిలేసిన పనులు ముదిరిన వాటా కూడా ఉంది.

పేరుకుపోయిన బకాయిని తగ్గించడం అసాధ్యం అనుకోకండి. ఇంగ్లండ్‌లో 1997 నాటికి కౌన్సిల్ ఇళ్ళ రిపేర్ల బకాయి సుమారు 1,900 కోట్ల పౌండ్లని అంచనా. 2000లో డీసెంట్ హోమ్స్ అని ఒక ప్రమాణం పెట్టారు: ఇల్లు ఆరోగ్యానికి హాని చేయకూడదు, ఓ మోస్తరు బాగోగుల్లో ఉండాలి, వంటగది, బాత్రూము మరీ పాతబడి ఉండకూడదు, చలికాలం వెచ్చగా ఉండాలి. 2010 గడువు పెట్టి, ఏటా డబ్బు కేటాయించి, లక్షల ఇళ్ళు బాగుచేశారు. గడువుకల్లా వంద శాతం కాకపోయినా చాలా ఎక్కువ భాగం అయింది. ప్రమాణం, గడువు, డబ్బు, మూడూ ఒకే చోట పెట్టారు కాబట్టి అయింది.

ఏటా ఎంత పక్కన పెడితే సరిపోతుంది?

1990లో అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ కమిటీ ఒకటి ప్రభుత్వ భవనాల గురించి చెప్పిన లెక్కను ఇప్పటికీ చాలామంది వాడతారు: ఆ భవనాలను ఇవాళ మళ్ళీ కట్టాలంటే ఎంతవుతుందో అందులో 2 నుంచి 4 శాతం ఏటా నిర్వహణకు, మరమ్మతులకు పెట్టాలి. ఇవాళ్టి ఖర్చు అన్న మాట గమనించండి. ముప్ఫై ఏళ్ళ కిందట కట్టిన ధర మీద శాతం వేసి బడ్జెట్‌లో చూపిస్తే అది కంటితుడుపు.

ఇంకో సంగతి, భవనం వయసు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఆస్ట్రియాలో లాభాపేక్ష పరిమితంగా ఉండే గృహ సంఘాలు అద్దెతో పాటు చదరపు మీటరుకు ఇంత అని నిర్వహణ వంతు తీసుకుంటాయి, భవనం పాతబడేకొద్దీ ఆ వంతు పెరిగేలా చట్టంలోనే రాశారు. అందులో దాపరికం లేదు, ఇంట్లో చేరేటప్పుడే తెలుస్తుంది.

సింకింగ్ ఫండ్ అంటారు, అదేంటి?

ఎప్పటికైనా తప్పని పెద్ద ఖర్చు కోసం నెలనెలా కొంచెం పక్కన పెట్టే నిధి. సింగపూర్‌లో హెచ్‌డీబీ (అక్కడి ప్రభుత్వ గృహ బోర్డు) ఫ్లాట్ల సముదాయాలను 1988 చట్టం కింద ఏర్పడ్డ టౌన్ కౌన్సిళ్ళు చూసుకుంటాయి. ప్రతి ఇంటి నుంచీ నెలవారీ చార్జీ తీసుకుంటారు, అందులో కొంత భాగం తప్పనిసరిగా సింకింగ్ ఫండ్‌లో వేయాలి. భవనాలకు రంగులు, పైకప్పు, నీళ్ళ ట్యాంకులు, పైపులు, ఇలాంటి దీర్ఘకాలిక పనులకే దాన్ని తీయాలి. లిఫ్టులు ఒకేసారి పాతబడి ఖర్చు మీద పడుతుందని 2017 నుంచి లిఫ్టుల మార్పిడికి వేరే నిధి కూడా పెట్టారు. ఫ్లాట్ల లోపల పెచ్చులు ఊడటం, మురుగు పైపులు పాడవడం లాంటి వాటికి 2007లో మొదలైన హోమ్ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రాం ఉంది, అందులో తప్పనిసరి పనులకు పౌరుల నుంచి పైసా తీసుకోకుండా ప్రభుత్వమే భరిస్తుంది.

నిధి ఉంటే చాలదు, అది భద్రంగా ఉండాలి. 2008 ఆర్థిక సంక్షోభంలో సింగపూర్‌లోనే కొన్ని టౌన్ కౌన్సిళ్ళు అప్పుడు దివాలా తీసిన అమెరికా బ్యాంకు లేమన్ బ్రదర్స్‌తో ముడిపడ్డ పెట్టుబడుల్లో ఈ డబ్బు కొంత పోగొట్టుకున్నాయి. మీ సముదాయానికి కార్పస్, అంటే ఇలా పక్కన పెట్టిన నిధి, ఉందంటే అది ఎక్కడ ఉంది, ఎవరి సంతకంతో బయటికి వస్తుంది అని అడగండి. అడిగితే ఎవరూ తప్పుగా అనుకోకూడదు, అది అందరి డబ్బు.

ఇల్లు మా పేరు మీదే ఉంది. మాకూ సాయం వస్తుందా?

కొన్ని చోట్ల వస్తుంది, రావాలి కూడా. ఫిలడెల్ఫియాలో తక్కువ ఆదాయం ఉన్న ఇంటి యజమానులకు కరెంటు, ప్లంబింగ్, హీటింగ్, పైకప్పు లాంటి అత్యవసర రిపేర్లు ఉచితంగా చేసే బేసిక్ సిస్టమ్స్ రిపేర్ ప్రోగ్రాం ఉంది. ఆ రాష్ట్రమే, అంటే పెన్సిల్వేనియా, 2022లో హోల్-హోమ్ రిపేర్స్ పేరుతో 12.5 కోట్ల డాలర్లు కేటాయించి కౌంటీల ద్వారా ఇచ్చింది, ఒక్కో ఇంటికి 50,000 డాలర్ల దాకా.

ఇలాంటి సాయం ఎక్కడ అడిగినా మొదట తగిలే అడ్డంకి పేరు. ఇల్లు తాతగారి పేరు మీదే ఉండిపోతుంది, ఆయన పోయి పదేళ్ళవుతుంది, వారసులు నలుగురు, మార్పిడి ఎవరూ చేయించలేదు. మీరు అందులోనే పుట్టి పెరిగినా కాగితం లేకపోతే దరఖాస్తు పక్కన పెడతారు. కప్పు కారడం మొదలయ్యాక కాదు, బాగున్నప్పుడే ఆ పని చేయించుకోండి. ఇంకో మాట, సాయం గ్రాంటా, అప్పా, లేక ఇన్నేళ్ళు ఇంట్లో ఉంటే మాఫీ అయ్యే అప్పా అని సంతకం పెట్టేముందు విడమరిచి అడగండి. మూడో రకంలో మధ్యలో అమ్మితే డబ్బు తిరిగి కట్టాల్సి రావచ్చు.

ప్రైవేటు యజమానికి ప్రభుత్వ డబ్బుతో రిపేరు చేయించడం న్యాయమేనా?

షరతు ఉంటే న్యాయం, లేకపోతే కాదు. ఇన్నేళ్ళ పాటు అద్దె ఇంతకు మించి పెంచను, ఉన్నవాళ్ళను ఖాళీ చేయించను అని రాసివ్వాలి, ఇల్లు చేతులు మారినా ఆ షరతు ఇంటితోనే వెళ్ళాలి. ప్రజల డబ్బుతో సున్నం వేయించుకుని మర్నెల అద్దె పెంచితే, ఆ డబ్బు పేదవాణ్ణి వెళ్ళగొట్టడానికి పనికొచ్చినట్టు.

ఫిర్యాదు ఇస్తే నిధుల్లేవన్నారు. ఇప్పుడేం చేయాలి?

ముందుగా, "నిధుల్లేవు" అన్న మాటను కాగితం మీద రాయించుకోండి. నోటిమాటకు జవాబుదారీ ఉండదు. తేదీలతో ఫొటోలు తీయండి, అదే చోట అదే కోణంలో, నెలకొకటి. మరక పెరగడం కనపడితే వాదన అక్కర్లేదు. ఇరుగుపొరుగు ఇళ్ళలో ఇదే సమస్య ఉందేమో చూడండి, ఎందుకంటే నిలువునా ఒకే పైపు మీద ఉన్న ఇళ్ళన్నింటికీ సాధారణంగా ఒకే జబ్బు ఉంటుంది. పది ఇళ్ళవాళ్ళు కలిసి ఇచ్చిన ఒక దరఖాస్తు, పది విడి దరఖాస్తుల కన్నా బరువు.

ప్రాణానికి ప్రమాదం ఉన్నచోట నిధుల మాట చెల్లకూడదు. ఇంగ్లండ్‌లో రాచ్‌డేల్ అనే ఊళ్ళో రెండేళ్ళ పిల్లాడు ఇంట్లో బూజు వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 డిసెంబరులో చనిపోయాడు. తల్లిదండ్రులు అంతకుముందే ఎన్నోసార్లు మొరపెట్టుకున్నారు. ఆ పిల్లాడి పేరుతో అవాబ్ చట్టం వచ్చింది. 2025 అక్టోబరు నుంచి అక్కడి సామాజిక గృహాల్లో అత్యవసర ప్రమాదాన్ని 24 గంటల్లో చూడాలి, తీవ్రమైన చెమ్మ, బూజు అయితే 10 పని దినాల్లో పరిశీలించి, ఆ పరిశీలన ముగిసిన 5 పని దినాల్లో ప్రమాదం లేకుండా చేయాలి. గడియారం చట్టంలోనే పెట్టారు. గోడ మీద నల్లటి బూజు కనపడితే తుడుచుకోండి, కిటికీలు తెరవండి అని చెప్పి పంపేయడం ఎంత మామూలో, ఆ మామూలుతనానికి ఒక పసివాడు బలైతే గానీ ఆ గడియారం రాలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

డబ్బు మంజూరైంది, పని మాత్రం నాసిరకం. ఎవరిని అడగాలి?

అంచనా పత్రం, పని ఆర్డరు కాపీ తెచ్చుకోండి. అందులో ఎన్ని చదరపు మీటర్లు, ఎన్ని పూతలు, ఏ రకం సామాను అని ఉంటుంది. పని జరుగుతున్నప్పుడే టేపు పెట్టి కొలవండి, ప్లాస్టరింగ్ అయిపోయాక లోపల ఏముందో ఎవరికీ తెలియదు. బిల్లు మొత్తం ఒకేసారి చెల్లించకుండా ఒక వానాకాలం గడిచేదాకా కొంత ఆపి ఉంచే నిబంధన ఉందేమో చూడండి.

పైపైన మెరుగులు చూసి మోసపోవద్దు. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అనే తక్కువ అద్దె ఇళ్ళ భవనాన్ని 2016లో బాగుచేశామన్నారు, బయటి గోడలకు కొత్త పలకలు బిగించారు, ఖర్చు తగ్గించుకోవడానికి తీసుకున్న ఆ పలకలు మండే రకం. 2017 జూన్ 14న మంటలు వాటి మీదుగానే భవనమంతా ఎగబాకాయి, 72 మంది చనిపోయారు. భద్రత గురించి అక్కడుండేవాళ్ళు ముందే హెచ్చరించారు, ఎవరూ విన్లేదు. ఏ సామాను వాడుతున్నారు, అది మండుతుందా అని అడిగే హక్కు ఆ ఇంట్లో పడుకునేవాళ్ళకు ఉంది.

రిపేరు కోసం ఖాళీ చేయమంటున్నారు, మళ్ళీ రానిస్తారా?

రాతపూర్వకంగా ఇస్తేనే నమ్మండి. ఏ ఇంటికి, ఏ తేదీకి, ఏ అద్దెకు తిరిగి వస్తారో మూడూ అందులో ఉండాలి.

కూల్చి కొత్తవి కడితే మేలు కదా?

కొన్ని భవనాలకు అదే దారి, పునాదులే పాడైతే చేసేదేం లేదు. కానీ చాలాసార్లు కూల్చివేత మాట ముందు వచ్చి, ఇంజినీరు రిపోర్టు తర్వాత వస్తుంది. ఫ్రాన్స్‌లో బోర్డో నగరంలో గ్రాండ్ పార్క్ అనే చోట 1960ల నాటి మూడు ప్రభుత్వ భవనాలు, 530 ఇళ్ళు, కూల్చకుండానే బాగుచేశారు. ప్రతి ఇంటికీ బయటివైపు వెడల్పాటి అద్దాల వరండా తగిలించారు, లిఫ్టులు, బాత్రూములు మార్చారు, పని జరుగుతున్నంత కాలం జనం తమ ఇళ్ళలోనే ఉన్నారు. ఆ పనికి 2019లో యూరప్‌లో వాస్తుశిల్పానికి ఇచ్చే మీస్ వాన్ డర్ రోహె బహుమతి వచ్చింది. కూల్చాలని ఎవరైనా అంటే, బాగుచేయడానికి ఎంతవుతుందో లెక్క వేశారా, ఆ కాగితం చూపించండి అని అడగండి.

బడ్జెట్ సమావేశానికి వెళ్తే ఏం అడగాలి?

పోయినేడాది ఇళ్ళ మరమ్మతులకు ఎంత కేటాయించారు, అందులో నిజంగా ఎంత ఖర్చుపెట్టారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన అడగండి, చాలా చోట్ల కేటాయింపు పెద్దగా కనపడుతుంది, ఏడాది చివర్లో సగం వేరే పద్దుకు మళ్ళుతుంది. పెండింగ్‌లో ఉన్న ఫిర్యాదులెన్ని, అన్నింటికన్నా పాతది ఏ తేదీది. రాబోయే ఐదేళ్ళలో ఏ భవనానికి ఏ పని అన్న పట్టిక ఉందా, లేకపోతే ఎప్పటికి తయారవుతుంది. జవాబు చెప్పినవాళ్ళ హోదా, తేదీ రాసుకోండి. వచ్చే ఏడాది సమావేశానికి ఆ కాగితం తీసుకుని మళ్ళీ వెళ్ళండి, వీలైతే ఆ మూడో అంతస్తు ఆవిడలాంటి ఒకరిని రసీదుతో సహా వెంటబెట్టుకుని.